బావ కట్టుడు పండ్లు

కోదాడ,
4 నవంబరు 2024

అన్నయ్యకు,

శాంతకుమారి వందనాలు. నువ్వూ, కోడలు ప్రమీలా బాగున్నారని తలుస్తాను. నీ కొడుకు హరీష్ ఇంకా దామరచర్ల కరెంటు ప్లాంటులోనే ఉన్నాడా? నా సంగతి నువ్వు అడగవు కాబట్టి నేనే రాస్తున్నా. మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి.

ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంటావేమో. చేశాను. నువ్వు ‘ఆ’ అన్నావు, ‘ఊ’ అన్నావు, ‘సరే మల్ల’ అని పెట్టేశావు. కాగితం ఇస్తే తప్ప నీకు నోరు రాదని మీ బావ ఊరికే అన్నాడా! మా పెళ్ళైన కొత్తలో కార్డు మీద మా అడ్రసు తనే రాసి, ఆ ఖాళీ కార్డు నీ జేబులో పెట్టి పంపేవాడు. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నా. ఈ కవర్లో ఇంకో కవరుంది. స్టాంపు కూడా అంటించే ఉంది. తప్పించుకోలేవు.

ఇన్ని నెలలుగా అడగని మాట ఇప్పుడు అడుగుతా. మీ బావను మట్టి చేసిన రోజు, చర్చి అయ్యగారు పుస్తకం నీ చేతికిచ్చి వాక్యం చదవమన్నారు. నువ్వు తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయావు. అందరూ చూశారు. ‘మీ అన్నకు ఏదో మర్యాద తక్కువైనట్టుంది’ అని మా ఆడబిడ్డ ఎల్లమ్మ అప్పుడే అంది. నేనేం చెప్పను?

ఫిబ్రవరిలో ఆయన పోయి ఏడాది, జ్ఞాపకార్థ కూడిక. ఈసారైనా నువ్వే చదవాలి. ఐదో తరగతితో బడి మానేసిన నీకు కూడబలుక్కోకుండా చదవడం నేర్పింది ఆయనే. మా సుధాకర్ చదువుతానంటాడు గానీ సెల్‌ఫోన్‌లో చూసి చదువుతాడు. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు. అది చదివినట్టుండదు.

ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయావో రాయి.

కోపం సగం దాచుకున్న చెల్లెలు,
శాంత


మోతె,
13 నవంబరు 2024

చెల్లె శాంతకు,

అన్న యేసయ్య వందనాలు. కవరు అందింది. లోపట కవరు సూసి నవ్వొచ్చింది.

నాకు ఎవరి మీద కోపం లేదు. మర్యాద తక్కువైందన్న మాట ఎల్లమ్మ అన్నదేమో గాని నా మనసుల లేదు.

నా పండ్లు పోయినయ్ శాంతా. ముందటియి పైన మొత్తం ఊడినయ్. బావ పోకముందు వచ్చిన క్రిస్మస్ నాడు మా చర్చిల నాతోని చదివిచ్చిన్రు. మాట రాలే, గాలి వచ్చింది. ముందట కూసున్న పోరగాండ్లు నవ్విన్రు. వాండ్లది తప్పు లేదు. నా మాట నాకు వినపడితే నాకే నవ్వొచ్చేటట్టున్నది. ఆనాటి సంది మూతికి తువ్వాల పెట్టుకునుడు అలవాటైంది. బావ మట్టి కాడ ఎవరూ నవ్వొద్దని బయటికి పోయిన. గంతే.

ఇగ అయిదు పండ్లున్నయ్. ఎడమ దిక్కు దవడకు పైన రెండు, వాటికి సరిగ్గ కింద రెండు. కింద ముందట ఒకటి, ఒంటిది. రొట్టె తిన్నా, పల్లీలు తిన్నా ఎడమ దిక్కే. పొద్దుగాల యాపపుల్ల, తిన్నంక ఉప్పునీళ్ళు. తంబాకు ఎప్పుడో బంద్ చేసిన. ప్రమీల బ్రష్షు కొనిచ్చింది. మెత్తగుంది. తోమినట్టే అనిపియ్యదు. అయినా రెండూ చేస్తున్న, యాపపుల్లా, బ్రష్షూ. పాలిచ్చే బర్రెను సూసుకున్నట్టు సూసుకుంటున్న ఆ అయిదింటిని.

కూడికకు వస్త. కుర్చీలు ఎయ్యమను, ఏస్త. గిన్నెలు కడుగుమను, కడుగుత. చదువుమనకు.

మోకాళ్ళకు ఆముదం రాయి.

అన్న యేసయ్య


కోదాడ,
21 నవంబరు 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత ఆముదం రాసుకున్నాను.

పళ్ళు లేకపోతే చెప్పడానికి ఏం? నేను పరాయిదాన్నా? తొమ్మిది నెలలు నీ మీద కోపం పెట్టుకుని తిరిగాను. దేవుడు క్షమించాలి.

ఇప్పుడు నేను చెప్పేది సావధానంగా చదువు. మీ బావ కట్టుడు పళ్ళ సెట్టు నా దగ్గరే ఉంది. పెద్ద దవాఖానలో ఆఖరి రోజు తీసి పక్కన పెట్టారట. బట్టలతో పాటు కవర్లో వేసి సుధాకర్‌కు ఇచ్చారు. అంతా అయ్యాక, చుట్టాలు వెళ్ళాక, ఆ కవరు తెరిచి చూశాను. ఆయన నోరు లోపలికి పోయి ఎవరో ముసలాయనలా ఎందుకున్నాడో అప్పుడు అర్థమైంది. అప్పటికి మట్టి అయిపోయింది.

ఏం చేయాలో తెలియక, ఆయన ఉన్నప్పటిలాగే గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేశాను. పడుకునే ముందు నీళ్ళు మారుస్తాను. ఇప్పటికీ మారుస్తున్నాను. సుధాకర్‌కు ఇది నచ్చదు. ‘అమ్మా, అవి పారెయ్యరాదా’ అన్నాడు ఒకసారి. నేను లేచి నీళ్ళు మార్చాను. మళ్ళీ అనలేదు.

అవి నీకు పంపుతున్నా. ఆ పళ్ళతో ఆయన బడిలో స, శ, ష మూడింటినీ మూడు రకాలుగా పలికేవాడు. నీకూ పలుకుతాయి. నువ్వు లేచి చదువుతుంటే నేను కళ్ళు మూసుకుని వింటా. నాకు అంతకంటే ఏం వద్దు.

చూసుకునే పద్ధతి చెప్తా. వేడినీళ్ళు పోయకు, వంకర పోతాయి. పళ్ళపొడి వేసి రుద్దకు, గీతలు పడతాయి. మెత్తటి బ్రష్షుతో కడుగు. కడిగేటప్పుడు కింద నీళ్ళ బేసిను పెట్టుకో, చెయ్యి జారినా పగలవు. పడుకునేటప్పుడు తీసి నీళ్ళలో వెయ్యి. ఆ నీళ్ళు రోజూ మార్చు. ఆ ఒక్కటి మాత్రం మరిచిపోకు.

నీ శాంత


మోతె,
5 డిసెంబరు 2024

చెల్లె శాంతకు,

పార్సిల్ అందింది. తడి దూదిల మంచిగ చుట్టి పంపినవ్. ప్రమీల మూత తీసి కేక పెట్టింది. ‘మామా, ఎవరో నవ్వుతున్నరు’ అన్నది. నేను దగ్గరికి పోయి సూసిన. బావ నవ్వే.

నోట్ల పెట్టుకోబోతే లోపటికి పోలే. ప్రమీల సూర్యాపేటకు తోలుకపోయింది, పండ్ల డాక్టరమ్మ కాడికి. సిన్న పిల్ల. బల్ల మీద డబ్బ పెట్టిన.

‘ఎవరివి తాతా ఇవి?’ అన్నది.

‘మా బావయి.’

‘మరి బావ ఏం పెట్టుకుంటడు?’

నేను పైకి సూసిన. ఆమె చేతిల పెన్ను కింద పెట్టింది.

నా నోట్ల అద్దం పెట్టి సూసి, నా పండ్లు అయిదు అడ్డం ఉన్నయ్, అందుకే ఈ సెట్టు పోదు అన్నది. ఇంక శాన చెప్పింది. కాగితం అయిపోవచ్చింది, మల్ల రాస్త.

గిన్నెల నీళ్ళు రోజు మారుస్తున్న. ఫికర్ చెయ్యకు.

అన్న


కోదాడ,
12 డిసెంబరు 2024

అన్నయ్యా,

డాక్టరమ్మే అడ్డమని చెప్పాక ఇంకా ఆలోచన దేనికి? తీయించు. ఎలాగూ ఇవాళ కాకపోతే రేపు ఊడేవే. ఆ అయిదింటి కోసం ఎడమ పక్క ఒక్కటే నములుతూ ఎన్నాళ్ళు? మీ బావకు కూడా ఆఖర్న నాలుగో అయిదో ఉంటే తీసేశాకే కట్టారు. వారం రోజులు జావ తాగాడు, తర్వాత చేగోడీలు తిన్నాడు.

నీకో మాట చెప్తా, నవ్వకు. నీకు పంపిన రోజు పక్క మీదికి చేరాక చెయ్యి దానంతటది గిన్నె కోసం పోయింది. గిన్నె లేదు. తర్వాత, మా అన్న దగ్గరున్నాయి కదా అనుకున్నా. అనుకోగానే నిద్రపట్టేసింది. ఆయన పోయాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదు. సుధాకర్ వచ్చి లేపాడు, ఏమైందోనని భయపడి.

ఆదివారం అయ్యగారితో చెప్పాను. సంతోషపడి చర్చిలో అందరి ముందూ చెప్పేశారు, చిరంజీవి మాస్టారి కూడికలో వాళ్ళ బావమరిది యేసయ్య గారు వాక్యం చదువుతారని. సుధాకర్ కార్డులు అచ్చుకు ఇచ్చాడు. అందులో నీ పేరు వేయించాను, చివర గారు పెట్టి. నీ పేరు ఇంతకుముందు ఎప్పుడైనా అచ్చులో వచ్చిందా?

ఎల్లమ్మకు మొదటి కార్డు నేనే ఇస్తా.

సంతోషంతో,
శాంత


మోతె,
20 డిసెంబరు 2024

చెల్లె శాంతకు,

మంచిగ నిద్ర పట్టిందని రాసినవ్. సంతోషం.

డాక్టరమ్మ చెప్పిన మిగిలిన మాట రాస్తున్న. ముందుగాలనే రాయాల్సింది. ఆమె నా పండ్లు తియ్యనన్నది. ‘ఇవి గట్టిగున్నయ్ తాతా. పొద్దున ఒకసారి, పండుకునే ముందు ఒకసారి తోముకుంట ఉంటే ఇంక శాన ఏండ్లు ఉంటయ్. వీటికి కొక్కేలు తగిలిచ్చి, నీ నోటికి కొలత తీసి మిగిలినయి కడుత. ఈ అయిదే నీకు గుంజలు’ అన్నది. ఒకరి పండ్లు ఇంకొకరి నోటికి కూసోవు అని గూడ అన్నది.

తల ఊపిన.

నిన్న ప్రమీల జొన్నరొట్టె చేసింది. కొస గట్టిగ కాల్చింది, నాకు ఇష్టమని. కరకర నమిలిన. ఇది రాయాలని ఎందుకో అనిపించింది.

ఏం చేద్దామంటవ్? కార్డుల మీద పేరు తీసే ఇలాజు ఏమన్న ఉన్నదా? లేకుంటే నువ్వెట్ల అంటే అట్ల.

అన్న


కోదాడ,
27 డిసెంబరు 2024

అన్నయ్యకు,

పండుగ బాగానే గడిచింది. నీ ఉత్తరం పండుగ మర్నాడు అందింది. ముందే అందనందుకు సంతోషించాను.

ముందు అడ్డమంది అని రాశావు. ఇప్పుడు తీయనంది అని రాశావు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకే డాక్టరమ్మ రెండు మాటలు చెప్తుందా? కొత్తవి కట్టించుకోమంటే వాళ్ళకు పని దొరుకుతుంది, అది సరే. కానీ నువ్వు నాకు అర్థమయ్యావు. చనిపోయినవాడి వస్తువు నోట్లో పెట్టుకోవడం నీకు రోత. ఆ మాట రాయడానికి మొహమాటపడి డాక్టరమ్మను ముందు నిలబెట్టావు.

ఆయన చొక్కాలు తొడుక్కున్నావు. ఆయన సైకిలు తొక్కావు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివావు మా వాకిట్లో కూర్చుని. అప్పుడు లేని రోత ఇప్పుడొచ్చింది.

బలవంతం లేదు. పంపించెయ్. గిన్నె ఖాళీగానే ఉంది. కార్డుల సంగతి అంటావా, పంచేశాం. ఆ రోజు అయ్యగారు నీ పేరు పిలుస్తారు, ఎవరూ లేవరు. నేను తల దించుకుంటా. అలవాటే కదా.

శాంతకుమారి


మోతె,
6 జనవరి 2025

చెల్లె శాంతకు,

రోత అన్నవు. ఆ మాట చదివినంక ముద్ద దిగలే.

పని అయింది. తీపిచ్చిన.

సూర్యాపేట డాక్టరమ్మ తియ్యదు గనుక మిర్యాలగూడ పోయిన. హరీష్‌ను సూసొస్త అని ప్రమీలకు చెప్పి బస్సెక్కిన. నిజం చెప్తే పోనియ్యదు. పై పన్ను పీకిస్తే కండ్లు పోతయని దానికి భయం. మిర్యాలగూడల పెద్దులు అని ఉన్నడు. బోర్డు లేదు. ఒక కుర్చీ, ఒక బకీటు. వాండ్ల నాయిన కాలం నుంచి అదే పని అంట.

‘గట్టిగున్నయ్ గద పెద్దమనిషీ, ఎందుకు తీపిస్తున్నవ్?’ అన్నడు.

మా చెల్లె కోసం అన్న. మల్ల అడుగలే.

ముందటి ఒంటిది అల్కగ వచ్చింది. దవడయి రాలే. ఆయన మోకాలు కుర్చీకి ఆనిచ్చి గుంజిండు. తీసినంక కాగితంల చుట్టి నా చేతికిచ్చిండు. వద్దని అనలేకపోయిన. జేబుల పెట్టుకున్న. హరీష్ కాడికి పోలే. ఆ మొఖం పెట్టుకొని ఏం పోత. వచ్చే బస్సుకే వచ్చిన. ప్రమీల సూసి ఏడ్చింది. అన్నం పెట్టలే, గట్క కాసి పోసింది.

కండ్లు మంచిగనే కనబడుతున్నయ్.

వాపు తగ్గినంక సెట్టు పెట్టి సూసిన. లోపటికైతే పోయింది. కాని బావది పెద్ద మొఖం. పైది జారి కిందిదాని మీద పడుతున్నది. నోరు మూస్తే ఉంటది, తెరిస్తే పడుతది. చిగుర్లు మానితే కూసుంటదని పెద్దులు అన్నడు. కూడిక దాకా దినాలున్నయ్. కూసుంటదనే అనుకుంటున్న.

రోత లేదు శాంతా. బావయి నాకు రోతనా?

అన్న యేసయ్య


కోదాడ,
8 జనవరి 2025

అన్నయ్యా,

పొద్దున ఫోన్లో చెప్పిందే మళ్ళీ రాస్తున్నా. నీకు ఎంత వినపడిందో నాకు అనుమానం. నువ్వు మామూలుగా ‘ఆ’, ‘ఊ’ అన్నావు, ‘సరే’ అన్నావు. గొంతు మాత్రం ఎలాగో ఉంది. జలుబా? మిరియాలు నూరి తాగు.

నాకు కుడి దవడ పన్ను పిప్పి పట్టి, ముఖం వాచి, నిన్న సుధాకర్ ఇక్కడి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్దాయన. పన్నులో సిమెంటు నింపుతూ మాట కలిపాడు. నేను గొప్పగా చెప్పాను, మా ఆయన సెట్టు మా అన్నకు పంపానని. ఆయన చెయ్యి ఆపేశాడు. ‘అమ్మా, ఎంత పని చేశారు’ అన్నాడు.

సెట్టంటే ఒక మనిషి చిగురు అచ్చు తీసి, ఆ అచ్చుకు చేసేదట. ఇంకొకరికి పెడితే ఒరుసుకుని పుళ్ళు పడతాయట. ఆ పుళ్ళు మానవట, ముదిరితే ఏమవుతాయో చెప్పలేమన్నాడు. మీ అన్నకు సొంత పళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. అయిదు ఉన్నాయన్నా. ‘అయితే అదృష్టవంతుడు. వాటిని ఎవర్నీ ముట్టనివ్వకండి. అవి పోతే కొత్త సెట్టుకు పట్టు ఉండదు’ అన్నాడు. నువ్వు రాసిందే అన్నాడు. మాటకు మాట.

నేను రోత అని రాశాను. ఏ చేత్తో రాశానో.

ఇంటికి రాగానే నీకు ఫోన్ చేద్దామంటే నోరు తిమ్మిరెక్కి మాట రాలేదు. పొద్దున చేశా. నువ్వు సరే అన్నాక మనసు కుదుటపడింది. అవి పెట్టుకోకు. నీ పళ్ళు ముట్టకు. డబ్బా పంపించెయ్. చదవకపోయినా ఏం కాదు. ఇన్నేళ్ళు నీ మాట వినకుండా నేనే మాట్లాడాను, ఇప్పటికి బుద్ధొచ్చింది.

కూడికకు వచ్చినప్పుడు జొన్నరొట్టెలు చేస్తా. కొస గట్టిగా కాలుస్తా.

నీ శాంత


మోతె,
16 జనవరి 2025

చెల్లె శాంతకు,

నీ ఉత్తరం అందింది. నాది గూడ నీకు అందే ఉంటది. రెండూ దారిల ఎదురుబడ్డట్టున్నయ్.

ఫోన్ల నువ్వు చెప్పిందంతా విన్న. సెట్టు ఒరుసుకున్న కాడ నోట్ల దూది ఉండె. దూది లేకున్నా అట్లనే అందునేమో.

పరేషాన్ కాకు. నువ్వు పీకియ్యలే. నడిసిపోయి బస్సెక్కింది నేనే. నువ్వెట్ల అంటే అట్ల అని రాసింది గూడ నేనే.

డబ్బ పంపుతున్న. మల్ల నోట్ల పెట్టుకోలే. మంచిగ కడిగిన, బేసిన్ల నీళ్ళు పెట్టుకొని, నువ్వు చెప్పినట్టే. తడి దూదిల చుట్టిన.

కూడికకు తప్పక వస్త. రొట్టెలు వద్దు. అన్నం జర మెత్తగ వండుమను.

నీ పన్ను మంచిగ సూసుకో. సిమెంటు పెట్టినంక గట్టియి కొరుకొద్దు అంటరు. పండుకునే ముందు గూడ తోముకో. నీకు ఆ అలవాటు లేదు.

అన్న


కోదాడ,
25 జనవరి 2025

అన్నయ్యా,

డబ్బా అందింది.

కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నా. ఏం రాయాలో తెలియడం లేదు. ఎప్పుడూ నీకే మాటలు రావనుకునేదాన్ని.

సుధాకర్‌కు చెప్పా. వాడు ‘మామయ్య వద్దని ఒక్క మాట అనొచ్చు కదమ్మా’ అన్నాడు. అన్నాడురా, నాకే వినపడలేదు అన్నాను.

అయ్యగారితో నీ పేరు పిలవొద్దని చెప్తా. నువ్వు రా. వచ్చి ఊరికే కూర్చో.

శాంత


మోతె,
20 ఫిబ్రవరి 2025

చెల్లె శాంతకు,

అన్న యేసయ్య వందనాలు. ఈసారి కాగితాలు రెండు తీసుకున్న. ఎందుకంటే ఆనాడు నీతోని ఏం మాట్లాడకుండ బస్సెక్కిన.

అయ్యగారు మరిచిపోయి పేరు పిలిచిండు. చేతిల కార్డు ఉండె గద, అందుల ఉన్నది చదివిండు. ఆయనది తప్పు లేదు. నేను ఎనుక వరుసల ఉన్న. కూసోనే ఉందామనుకున్న. నువ్వు తల దించుకుంటవని యాదికొచ్చి లేసిన. నీకు మాటిచ్చినట్టు కాదు, కాళ్ళే లేసినయ్.

తువ్వాల తీసి భుజం మీద ఏసుకున్న. చదివిన. గాలి వచ్చింది. రెండో మాటకు గూడ గాలే. ఎవరూ నవ్వలే శాంతా. అందరూ కింద సూస్తున్నరు. నవ్వితే బాగుండనిపించింది. ఎల్లమ్మ గూడ కిందికే సూసింది. ఆనాడు తెలిసింది, పోరగాండ్లు నవ్వుడే నయం.

అప్పుడు నువ్వు మోకాళ్ళు పట్టుకొని లేసొచ్చినవ్. పుస్తకం నా చేతికెల్లి తీసుకుంటవనుకున్న. తీసుకున్నవ్, మల్ల ఇచ్చినవ్. నీ కండ్లద్దాలు ఇంటికాడ మరిచినవ్ గద. ‘నువ్వు నా చెవుల చదువు, నేను పైకి చెప్త’ అన్నవ్. నేను గొణిగిన. నువ్వు గట్టిగ చెప్పినవ్. నా మాట ప్రమీలకు గూడ సక్కగ తెలుస్తలేదు ఇప్పుడు. నీకెట్ల తెలిసిందో. మధ్యల ఒక కాడ నువ్వు సొంతం నాలుగు మాటలు కలిపినవ్. అది ఇందుల లేదని చెయ్యి గిచ్చిన. నువ్వు ఆగలే. నీకెప్పుడూ అంతే.

అన్నం మెత్తగ ఉండె. పప్పు మంచిగుండె. అందరూ మాంసంల బొక్కలు కొరుకుతుంటె నాకు ఒక్కనికే కీమా వండిచ్చినవ్, సూసిన.

మీ ఇంట్ల కిటికీల గిన్నె గూడ సూసిన. నీళ్ళు తేటగున్నయ్. ఆ పొద్దే మార్చినట్టున్నవ్. నేను సూడనట్టు ఈవలికొచ్చిన. పారెయ్యమని నేను అనను. సుధాకర్‌ను గూడ అననియ్యకు.

సూర్యాపేట డాక్టరమ్మ కాడికి తోలుకపోత అన్నవ్. ప్రమీల ముందుగాలనే ఫోన్ చేసి అడిగిందంట. ఆమె తిట్టలేదంట. చిగుర్లు పూర్తిగ మానినంక రమ్మన్నది. కొత్తయి కడుత గాని గుంజలు లేవు గనుక గట్టిగ నిలువయి, జారుతుంటయ్ అన్నదంట. రోజు మెత్తటి గుడ్డతోని చిగుర్లు తుడువుమన్నది. తుడుస్తున్న.

మార్చి అయిదు, బుధవారం రా. సూర్యాపేట బస్టాండ్ల దిగి అక్కడనే నిలబడు, నేనొచ్చి కలుస్త. ఒక్కన్ని పోలేను. నోరు తెరువు తాతా అంటది ఆమె. నువ్వు పక్కన ఉంటే తెరుస్త.

ఇంకో ముచ్చట. పెద్దులు చుట్టిచ్చిన కాగితం గూట్ల పెట్టిన. ఏం చెయ్యాలో తెల్వది. పారెయ్యబుద్ది కాదు. అప్పుడు నీ గిన్నె యాదికొస్తది.

ఇయ్యాల పొద్దుగాల లేసి యాపచెట్టు కాడికి పోయిన. లేత పుల్ల సూసి ఇరిసిన, ఆకులు దూసేసిన, కొస నోట్ల పెట్టుకున్న. నములబోతే యాదికొచ్చింది. ప్రమీల సూస్తదని తువ్వాల అడ్డం పెట్టుకున్న. పుల్ల మాత్రం తియ్యలే. ఎడమ దవడకే పెట్టుకొని ఎండ వచ్చేదాక వాకిట్ల కూసున్న. చేదు అట్లనే ఉన్నది.

అన్న యేసయ్య